మత్తు దిగాక పదకొండో రోజు ఏం చేయాలి? డీ-అడిక్షన్‌లో డాక్టర్, సోషల్ వర్కర్ ఎందుకు కలిసి పని చేయాలి

ఇంట్లో ఒకరు తాగుడుకో, కల్తీ కల్లుకో, నిద్ర మాత్రలకో బానిసైతే ముందు మనం వెతికేది మంచి డాక్టర్‌ని. "పది రోజులు అడ్మిట్ చేస్తే సెట్ అయిపోతాడు" అని ఎవరో చెబుతారు. అప్పో సప్పో చేసి చేర్పిస్తాం. పది రోజులకు మనిషి నిజంగానే తేరుకుని ఇంటికొస్తాడు. చేతులు వణకవు, అన్నం తింటాడు, పిల్లలతో మాట్లాడతాడు. నెల తిరక్కుండా మళ్లీ అదే కథ.

అప్పుడు ఇంట్లోవాళ్లు రెండు మాటలు అంటారు. ఒకటి, "ఆ డాక్టర్ మంచోడు కాదు". రెండోది, "వీడికి సిగ్గు లేదు". చాలాసార్లు రెండూ తప్పే. డాక్టర్ తన పని తాను చేశారు. శరీరంలోంచి మత్తు దింపారు. కానీ ఆ మనిషి తిరిగి వచ్చింది అదే గల్లీకి, అదే అప్పులకి, అదే దోస్తుల మధ్యకి. ఆ వైపు చూడాల్సిన మనిషి చికిత్సలో లేరు. ఆ మనిషే సోషల్ వర్కర్. ఈ ఇద్దరూ కలిసి ఎలా పని చేయాలి, చేయకపోతే ఏమవుతుంది, చేర్పించే ముందు మనం ఏం అడగాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

సమస్య ఎంత పెద్దది?

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ డ్రగ్ చికిత్స కేంద్రం చేసిన సర్వే 2019లో విడుదలైంది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల మధ్య వారిలో 14.6 శాతం మంది, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వీళ్లలో 5.7 కోట్ల మందికి తాగుడు వల్ల సమస్యలు ఉన్నాయి, సాయం అవసరం. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక రకం చికిత్స అందుతోంది. ఆసుపత్రిలో పడక మీద చికిత్స అందింది 180 మందిలో ఒక్కరికే.

అంటే చికిత్స గడప దాకా వచ్చేవాళ్లే చాలా తక్కువ. అలా వచ్చిన ఆ ఒక్కరికి కూడా సగం చికిత్స చేసి పంపితే, ఆ సగం కూడా వృథా అవుతుంది.

కల్తీ కల్లు నేర్పిన పాఠం

తెలంగాణ వాళ్లకు దీన్ని వేరే ఊరి ఉదాహరణతో చెప్పాల్సిన అవసరం లేదు. చెట్టు కల్లు సరిపోక, దాంట్లో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి అమ్మడం ఇక్కడ ఏళ్ల తరబడి నడుస్తున్న దందా. తాగేవాళ్లు "కల్లే కదా" అనుకుంటారు. లోపలికి పోయేది మాత్రం మత్తు మందు.

2015 సెప్టెంబరులో అధికారులు కల్తీ మీద గట్టిగా దాడులు చేశారు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్లులో మందు ఒక్కసారిగా ఆగింది. అంతే, వందల మంది ఆసుపత్రులకు క్యూ కట్టారు. నిద్ర లేదు, వణుకు, ఫిట్స్, పిచ్చి పిచ్చిగా మాట్లాడటం. కొందరిని మంచానికి కట్టేయాల్సి వచ్చింది. ఇవన్నీ విత్‌డ్రాయల్ లక్షణాలు. శరీరం అలవాటు పడిన మందు హఠాత్తుగా ఆగితే వచ్చే బాధ ఇది.

అల్ప్రాజోలం లాంటి మందును ఒక్క రోజులో ఆపకూడదు. డాక్టర్ చూస్తుండగా డోసు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. కానీ ఊళ్లో ఎవరు ఎన్నేళ్లుగా తాగుతున్నారు, రోజుకు ఎన్ని సీసాలు, ఎవరు ఒంటరిగా ఉంటున్నారు అన్న సంగతి ఆసుపత్రిలో కూర్చున్న డాక్టర్‌కు తెలియదు. అది ఊళ్లో తిరిగే ఆశ వర్కర్‌కు, అంగన్‌వాడీ టీచర్‌కు, సోషల్ వర్కర్‌కు తెలుస్తుంది. అంటే సరఫరా ఆపే ముందే చికిత్సవాళ్లు, ఊళ్లో తిరిగేవాళ్లు ఒక్కచోట కూర్చోవాలి.

టీమ్‌లో ఎవరెవరు?

పూర్తి స్థాయి డీ-అడిక్షన్ టీమ్‌లో మామూలుగా వీళ్లు ఉంటారు.

సైకియాట్రిస్ట్: జబ్బు ఎంత తీవ్రంగా ఉందో తేల్చి, విత్‌డ్రాయల్‌కు మందులు ఇస్తారు. డిప్రెషన్ లాంటి వేరే మానసిక సమస్య ఉందేమో చూస్తారు.

ఫిజీషియన్: లివర్, గుండె, షుగర్, టీబీ లాంటివి చూస్తారు.

నర్సులు: రాత్రి రెండు గంటలకు పేషెంట్ వణుకుతున్నాడా, చెమటలు పడుతున్నాయా, లేనివి కనిపిస్తున్నాయా అని మొదట గమనించేది వీళ్లే.

క్లినికల్ సైకాలజిస్ట్: తాగాలన్న కోరిక వచ్చినప్పుడు ఎలా దాటాలో నేర్పిస్తారు.

సైకియాట్రిక్ సోషల్ వర్కర్: ఇల్లు, ఉద్యోగం, అప్పు, పెళ్లాం పిల్లలు, పోలీసు కేసు, రేషన్ కార్డు దాకా అన్నీ వీళ్ల పరిధిలోకి వస్తాయి. ఇది సలహాలు చెప్పే ఉత్త సేవ కాదు, చదువుకున్న వృత్తి. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి సంస్థల్లో దీనికి ప్రత్యేకంగా చదువు ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఈ వృత్తికి నిర్వచనం కూడా ఉంది.

పీర్ ఎడ్యుకేటర్: ఒకప్పుడు తాగి, మానేసినవాళ్లు. "నాకూ అయ్యింది భాయ్" అని చెప్పగలిగేది వీళ్లొక్కరే.

ఒక ఉదాహరణతో చూద్దాం

38 ఏళ్ల ఆటో డ్రైవర్ అనుకుందాం. ఇది ఊహించిన కేసే, కానీ ఏ సెంటర్‌లో అడిగినా ఇలాంటివాళ్లు వస్తుంటారని చెబుతారు. రోజూ సాయంత్రం కల్లు, ఆ తర్వాత ఒక క్వార్టర్. భార్య తీసుకొచ్చి చేర్పించింది.

మొదటి రోజు డాక్టర్ అడిగితే "కొంచెం కల్లు సార్, అప్పుడప్పుడు మందు" అన్నాడు. డాక్టర్ ఆ లెక్కతో మందులు రాశారు. అదే సమయంలో సోషల్ వర్కర్ బయట బెంచీ మీద భార్యతో కూర్చుంది. ఆమె చెప్పింది వేరే. రోజుకు రెండు క్వార్టర్లు, పైగా రెండేళ్లుగా మెడికల్ షాపులో చీటీ లేకుండా నిద్ర మాత్రలు కొంటున్నాడు. పోయినేడు ఒకసారి తాగకుండా ఉన్నప్పుడు ఫిట్స్ వచ్చాయి.

ఈ మాటలు అదే సాయంత్రం డాక్టర్ దగ్గరికి చేరాలి. ఎందుకంటే మద్యం ఆపిన తర్వాత ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. డెలీరియం ట్రెమెన్స్ అనే ప్రమాదకరమైన స్థితి, అంటే మనిషి తెలివి తప్పి, లేనివి కనిపించి, జ్వరం, గుండె దడ వచ్చేది, మామూలుగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మొదలవుతుంది. ముందు ఫిట్స్ వచ్చినవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. పైగా నిద్ర మాత్రల విత్‌డ్రాయల్ కూడా కలిసింది. బెంచీ మీద విన్న ఆ నాలుగు మాటలు ఫైల్లోకి ఎక్కితే డోసు మారుతుంది, రాత్రి నర్సు కాపలా మారుతుంది. ఎక్కకపోతే ప్రాణం మీదికే రావచ్చు.

ఇప్పుడు రెండో వైపు. నాలుగో రోజు లివర్ టెస్టులు వచ్చాయి, బాగా లేవు. కాబట్టి డైసల్ఫిరామ్ మాత్ర ఇవ్వొద్దని డాక్టర్ అనుకున్నారు. ఈ మాత్ర వేసుకున్న మనిషి మందు తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ పుట్టి, వాంతులై, బీపీ పడిపోతుంది. అందుకే పేషెంట్‌కు తెలిసి, ఒప్పుకుంటేనే ఇస్తారు. కానీ బస్తీల్లో "కూరలో కలిపి పెట్టండి, తెలియకుండా మానేస్తాడు" అని పొడి, మాత్రలు అమ్మేవాళ్లు ఉన్నారు. ఈ భార్య పర్సులో కూడా ఎవరో ఇచ్చిన అలాంటి పొట్లం ఉంది. "ఈయన లివర్‌కు ఇలాంటివి పనికిరావు" అని డాక్టర్ సోషల్ వర్కర్‌కు చెబితేనే, ఆమె భార్యకు అర్థమయ్యే భాషలో చెప్పి ఆ పొట్లం పారేయించగలదు. డాక్టర్ ఇంగ్లిష్‌లో ఫైల్లో రాసి వదిలేస్తే ఆ పొట్లం ఇంటికి పోయి కూరలో పడుతుంది.

కలిసి పని చేయడం అంటే ఒకరి గదిలో తెలిసింది ఇంకొకరి గదికి అదే రోజు చేరడం. ఒకే బిల్డింగ్‌లో పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన అది టీమ్ అయిపోదు.

పదకొండో రోజు

డిశ్చార్జి రోజు డాక్టర్ చీటీ ఇస్తారు. విటమిన్లు, కొందరికి తాగాలన్న కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్ లేదా అకాంప్రోసేట్, రెండు వారాల తర్వాత ఓపీ. దీంతోపాటు సోషల్ వర్కర్ చేతి నుంచి ఇంకో చీటీ రావాలి. దాంట్లో మందులు ఉండవు, రోజువారీ బతుకు ఉంటుంది.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఇతను ఎక్కడ ఉంటాడు? ఆటో స్టాండ్ కల్లు కాంపౌండ్ పక్కనే ఉంటే, స్టాండ్ మార్చుకోవచ్చా? రోజు కలెక్షన్ ఎవరి చేతికి ఇస్తాడు? బీకాం చదివిన అలవాటు వల్ల కావచ్చు, నాకు ఈ భాగం చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. తాగుడు ఇంట్లో అప్పు ఒక్కచోట ఉండదు. ఆటో ఫైనాన్స్, డైలీ ఫైనాన్స్, చిట్టీ, బావమరిది దగ్గర చేబదులు, కిరాణా ఖాతా. మానేసిన మొదటి వారంలోనే అందరూ ఒకేసారి తలుపు కొడతారు. ఆ టెన్షన్‌కే మళ్లీ సీసా పడతాడు. అందుకే మంచి సోషల్ వర్కర్ కాగితం మీద అప్పులన్నీ రాయిస్తుంది. ఎవరికి ముందు, ఎవరిని మూడు నెలలు ఆగమనాలి అన్నది భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి తేలుస్తుంది.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. పిల్లల స్కూలు ఆగిందా? ఇంట్లో కొట్టడం ఉందా? ఈ ప్రశ్నకు జవాబు భర్త ముందు రాదు. భార్యను విడిగా అడగాలి. ఉంటే, "మానేశాడు కదమ్మా, సర్దుకుపో" అని పంపకూడదు. 2005 గృహహింస చట్టం, సఖి కేంద్రాలు, 181 హెల్ప్‌లైన్ గురించి చెప్పాలి. తాగుడు మానినంత మాత్రాన కొట్టే చెయ్యి ఆగుతుందని గ్యారంటీ లేదు.

రెండు నెలల తర్వాత మళ్లీ ఒక రోజు తాగాడనుకుందాం. ఫోన్ ముందు సోషల్ వర్కర్‌కే వస్తుంది. "అయిపోయింది, అంతా వేస్ట్" అనుకోకుండా, ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి తేవడం ఆమె పని. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఒక నెల లెక్క తప్పితే చికిత్స మానేస్తామా? ఇదీ అలాంటిదే.

చెన్నైలో ఒక సోషల్ వర్కర్ మొదలుపెట్టిన ఆసుపత్రి

ఇదంతా పుస్తకాల్లో మాట కాదనడానికి చెన్నైలో ఒక ఉదాహరణ ఉంది. శాంతి రంగనాథన్ భర్త తాగుడు వల్ల చిన్న వయసులోనే చనిపోయారు. ఆమె సోషల్ వర్క్ చదివి, 1980లో టీటీ రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ మొదలుపెట్టారు. దాన్నే అందరూ టీటీకే ఆసుపత్రి అంటారు. అక్కడ మందులతో మత్తు దింపడం ఒక దశ మాత్రమే. తర్వాత వారాల పాటు కౌన్సెలింగ్, కుటుంబానికి విడిగా కార్యక్రమం, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఫాలో-అప్. ఈ సంస్థ పల్లెల్లోకే వెళ్లి చికిత్స క్యాంపులు కూడా నడిపింది. ఊరివాళ్లే చోటు ఇచ్చి, అండగా నిలబడితే, డాక్టర్, నర్సు, కౌన్సెలర్ అక్కడికే వెళ్లి చికిత్స చేశారు. ఆమెకు 1992లో పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ ఆసుపత్రి ఆలోచన ఒక భార్య పడ్డ బాధలోంచి వచ్చింది. అందుకే కుటుంబం కూడా చికిత్సలో భాగమైంది. మన దగ్గర భార్యను, అమ్మను ఇంకా బిల్లు కట్టే మనిషిగానే చూస్తున్నారు.

మన ఇళ్లలో మాట

మన బస్తీల్లో ఇంకో అడ్డంకి ఉంది. "మనలో తాగుడు హరాం, మన ఇళ్లలో ఈ సమస్య ఉండదు" అన్న మాట. ఉండకూడదు అన్నది వేరు, లేదు అన్నది వేరు. ఉన్నచోట దాచిపెట్టడం వల్ల పేషెంట్ ఆలస్యంగా వస్తాడు. నిద్ర మాత్రలు, దగ్గు సిరప్, గంజాయి, పిల్లలైతే వైట్‌నర్ పీల్చడం. వీటిని చాలా ఇళ్లలో తాగుడు కింద లెక్కే వేయరు. సోదరి పెళ్లి సంబంధం చెడుతుందని అబ్బాయిని ఆసుపత్రికి తీసుకుపోని ఇళ్లు ఉన్నాయి.

రంజాన్‌లో ఇది ఇంకో రూపం తీసుకుంటుంది. రోజూ ఎక్కువ తాగే మనిషి మొదటి రోజా రోజున మంచి నియ్యత్‌తో ఒక్కసారిగా ఆపేస్తాడు. ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. రెండో రోజు వణుకు, మూడో రోజు ఫిట్స్. నియ్యత్‌లో తప్పు లేదు. కానీ రోజూ ఎక్కువగా తాగేవాళ్లు, నిద్ర మాత్రలు మింగేవాళ్లు ఆపే ముందు డాక్టర్‌ను కలవాలి. చికిత్సలో ఉన్నవాళ్లు రోజా ఉండాలా, మందులు సెహ్రీ, ఇఫ్తార్ వేళలకు మార్చవచ్చా అన్నది కూడా డాక్టర్‌నే అడగాలి, సొంతంగా మందు ఆపకూడదు. జబ్బు మనిషికి రోజా విషయంలో సడలింపు ఉందన్న సంగతి ఇమామ్ సాబ్ నోట వస్తే ఆ మనిషి మీద బరువు తగ్గుతుంది. ఇలా డాక్టర్‌కూ మస్జిద్‌కూ మధ్య మాట కలిపేది కూడా సోషల్ వర్కరే. అయితే పేషెంట్ ఒప్పుకుంటేనే. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలనేది 2017 చట్టం ఇచ్చిన హక్కు. మస్జిద్ కమిటీ అయినా, మామయ్య అయినా, పేషెంట్ ఇష్టం లేకుండా చెప్పకూడదు.

టీమ్ ఎక్కడ తెగిపోతుంది?

మొదటిది, మనుషుల కొరత. ఒక్క కౌన్సెలర్ మీద పదుల కేసులు పడితే ఇంటికి ఫోన్ చేసే టైమే ఉండదు.

రెండోది, పెద్దా చిన్నా తేడా. రౌండ్స్‌లో సోషల్ వర్కర్ వెనక నిలబడుతుంది. ఆమె నోట్స్ వేరే రిజిస్టర్‌లో ఉంటాయి, డాక్టర్ ఫైల్లో ఉండవు. వారానికి ఒక్కసారైనా అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక్కో కేసు మాట్లాడుకుంటే ఇది తగ్గుతుంది. దీనికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు, ఒక గంట చాలు.

మూడోది, టీమే లేని సెంటర్లు. బోర్డు మీద "డీ-అడిక్షన్" అని ఉంటుంది, లోపల డాక్టర్ ఉండరు, తాళం ఉంటుంది. గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించింది. కొట్టి మాన్పించడం చికిత్స కాదు, నేరం.

నాలుగోది, పోలీసు భయం. గంజాయి, డ్రగ్స్ వాడే పిల్లల తల్లిదండ్రులు "ఆసుపత్రికి పోతే కేసు పెడతారు" అని ఆగిపోతారు. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులో లేదా కొద్ది పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తానుగా గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే ఆ కేసు విచారణ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ మాట చెప్పి ధైర్యం ఇవ్వాల్సింది కూడా సోషల్ వర్కరే.

చేర్పించే ముందు ఇవి అడగండి

ఇక్కడ సైకియాట్రిస్ట్ ఉన్నారా, ఎన్ని రోజులకోసారి చూస్తారు? రాత్రి నర్సు ఉంటారా?

సోషల్ వర్కర్ లేదా కౌన్సెలర్ పేరేంటి? మాతో విడిగా ఎప్పుడు మాట్లాడతారు?

మేం చెప్పింది డాక్టర్ ఫైల్లో రాస్తారా?

డిశ్చార్జి తర్వాత ఎన్ని నెలలు ఫాలో-అప్ చేస్తారు? మళ్లీ తాగితే ఎవరికి ఫోన్ చేయాలి?

ఈ సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఉందా? మమ్మల్ని పేషెంట్‌ను కలవనిస్తారా?

ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట ఆలోచించి అడుగు వేయండి. మీరు కూడా ఒక పని చేయాలి. పరువు కోసం తాగుడు లెక్క తక్కువ చేసి చెప్పకండి. ఎంత తాగుతాడు, ఏ మాత్రలు మింగుతాడు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అన్నవి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంట్లో దొరికిన మాత్రల స్ట్రిప్ ఉంటే వెంట తీసుకెళ్లండి.

డబ్బు లేదని ఆగిపోకండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. కేంద్రం నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలూ ఉన్నాయి. మీకు దగ్గర్లో ఏది ఉందో తెలుసుకోవడానికి జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయవచ్చు. మనసు బాగాలేకపోతే టెలి-మానస్ 14416 ఉంది. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వచ్చినా, తెలివి తప్పి మాట్లాడుతున్నా హెల్ప్‌లైన్ కోసం ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.